ఆ జోల ఎవరిది?

నెల్లితోపు, పుదుచ్చేరి
ఫిబ్రవరి 12, 2024

శ్రీ ఎస్. విమల్ గారికి,
సంగీత దర్శకులు, హైదరాబాదు.

విషయం: నా పాట తీసివేత గురించి.

అయ్యా,

ముప్పై ఏళ్లకు పైగా గవర్నమెంటు ఆఫీసులో గుమస్తాగిరీ చేసిన చెయ్యి ఇది. 'విషయం' అని రాయకుండా ఉత్తరం మొదలుపెట్టడం దానికి రాదు, ఏమీ అనుకోకండి. నా పేరు పంకజం. రిటైరయ్యాను. నెల్లితోపులో ఒక్కదాన్నే ఉంటాను. కిందటేడు మా మేడమీద ఉండే కవిప్రియ అనే అమ్మాయి, నేను వంటింట్లో పాడుకుంటుంటే ఫోనులో వీడియో తీసి ఇంటర్నెట్టులో పెట్టింది. చూసినవాళ్లు పట్టుమని నలభై మంది ఉండరు. పోయిన నెల అది మాయమైంది. ఆ చోట ఒక నోటీసు కనిపించింది. ఈ పాట ఫలానా సినిమాలోది, స్వరకర్త ఎస్. విమల్, హక్కులు ఫలానా కంపెనీవి అని.

కవిప్రియ బెదిరిపోయింది. "ఆంటీ, కాపీరైట్ అంటే సుమ్మా ఆట కాదు. మనం యెవురి పాటనో ఎత్తుకున్నామంట" అంది. ఎవరి పాటో చూపించమన్నాను. నీ పేరూ, నీ ఇంటర్వ్యూ ఒకటీ చూపించింది. పుట్టింది పాండిచ్చేరి, తండ్రి పేరు సుందరమూర్తి అని అందులో ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియక నవ్వాను.

'గారు' అని మొదలుపెట్టాను గానీ ఇక నా వల్ల కాదు. విమల్, నువ్వు మిల్లు ఫిట్టర్ సుందరమూర్తి కొడుకువి. మీ అమ్మ అముద నిన్ను ఎనిమిది నెలల వాణ్ణి చేసి జ్వరంతో పోయింది. మీరు మా పక్క వాటాలో ఉండేవాళ్లు. నాకప్పటికి ఇంకా ఉద్యోగం రాలేదు. మీ నాన్న మిల్లుకు వెళ్తే నువ్వు మా ఇంట్లో ఉండేవాడివి, నాలుగేళ్లు వచ్చేదాకా. నిన్ను నిద్రపుచ్చడానికి నేను కట్టుకున్న పాట అది. మాటలు లేవు, ఉత్త రాగం. నీకు గుర్తుండదు. గుర్తు తెచ్చుకోమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు.

నాకు కావలసింది ఒకటే. నా చెవి నరాలు ఎండిపోతున్నాయి. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది ఇంకొన్ని నెలలు, అంతే అన్నాడు డాక్టరు. ఇప్పుడు నేను పాడుకుంటే తలలో గుయ్యిమంటుంది తప్ప స్వరం తెలియదు. నా పాట నా చెవికి పాటలా వినిపించేది ఆ వీడియోలోనే. కవిప్రియ ఫోను కుడి చెవికి ఆనించుకుని రోజూ వినేదాన్ని. అందులో చోటు చాలడం లేదని ఆ అమ్మాయి అసలుది ఎప్పుడో చెరిపేసింది. మళ్లీ పాడి తీయించుకుందామని ఒకసారి కూర్చున్నాను. శ్రుతి ఎటో పోతోందని ఆ అమ్మాయి ముఖం చూసి తెలుసుకున్నాను.

కాబట్టి ఈ చెవి ఉండగానే ఆ వీడియో తిరిగి పెట్టించు. ఫోను చెయ్యకు, నాకు మాట అందదు. ఉత్తరం రాయి. ఇక్కడి మనవాళ్లలో చాలామందికి తెలుగు లిపి రాదు గానీ, నేను యానాంలో కొన్నేళ్లు పనిచేసి రాయడం చదవడం బాగానే నేర్చుకున్నాను.

ఆశీస్సులతో,
ఎం. పంకజం


హైదరాబాదు
మార్చి 3, 2024

గౌరవనీయులైన పంకజం గారికి నమస్కారాలు.

చేత్తో రాసిన ఉత్తరం అందుకుని ఎన్నేళ్లయిందో. మీ దస్తూరీ చూసి మా స్టూడియోలో అందరూ చేతులు మార్చుకుంటూ చదివారు.

మీ వీడియో తీసేసింది నేను కాదు. నిజానికి కంపెనీలో మనిషెవరూ కూడా కాదు. పాటలను పోల్చిచూసే ఏర్పాటు ఒకటి ఉంటుంది. ఆ స్వరాలు ఎక్కడ వినిపించినా అదే పట్టుకుంటుంది, అదే తీసేస్తుంది. ఆ పాట మీద హక్కులు కూడా నావి కావు. సినిమా ఒప్పందంలోనే కంపెనీకి రాసిచ్చేశాను. నాకు మిగిలింది దాని కింద ఉండే పేరు మాత్రమే.

మా ఇంట్లో పాండిచ్చేరి గురించి ఎవరూ మాట్లాడరు. అమ్మ పోయిందని, నాన్న నన్ను తీసుకుని నెల్లూరు వచ్చి అక్కడ వర్క్‌షాపులో చేరారని మాత్రం తెలుసు. చిన్నప్పుడు మీరు నన్ను చూసుకున్నారంటే చాలా కృతజ్ఞుణ్ణి. కానీ పాట విషయంలో మీరు పొరబడుతున్నారేమో. ఆ బాణీ నాకు ఒకరోజు పొద్దున్న పళ్లు తోముకుంటుంటే వచ్చింది. నోట్లో నురగతోనే పరిగెత్తుకెళ్లి రికార్డు చేసుకున్నాను. ఎక్కడో విన్నది అంత కొత్తగా రాదు. మా తాత అయ్యాసామి నాదస్వరం వాయించేవారు. ఆయన తండ్రీ అంతే. నాకు సంగీతం ఎవరూ నేర్పలేదు. "అది రక్తంలో ఉండాది రా, నేర్పితే వచ్చేది కాదు" అని నాన్న నా చిన్నప్పటి నుంచీ అంటారు. నేనూ అదే నమ్ముతాను.

సినిమా వచ్చి నాలుగేళ్లయింది. మీరు ఆ పాటను టీవీలోనో బస్సులోనో విని ఉంటారు. అది పాత జ్ఞాపకాలతో కలిసిపోయి ఉండొచ్చు. వినికిడి తగ్గుతున్నప్పుడు అలా జరుగుతుందని ఎక్కడో చదివాను. దయచేసి తప్పుగా అనుకోకండి.

ఒక మాట దాచకుండా చెప్తాను. నేను బతికేది సబ్బులకూ బిస్కెట్లకూ బాణీలు కట్టి. అవి నెల తిరిగేసరికి జనం మరిచిపోతారు. పెళ్లయింది, నిలవలేదు. ఎవరైనా నన్ను గుర్తుపడితే ఆ ఒక్క పాట వల్లనే. నాది అని చెప్పుకోవడానికి నాకున్నది అదొక్కటే. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

మీకు ఇష్టమైతే, 'ఎస్. విమల్ స్వరపరచిన పాట' అని కింద రాసి మీ వీడియో పెట్టుకోవడానికి కంపెనీ దగ్గర అనుమతి అడుగుతాను. ఈలోగా సినిమా పాట వింటూ ఉండండి.

ఇట్లు,
ఎస్. విమల్


నెల్లితోపు
మార్చి 14, 2024

విమల్‌కు,

'అనుమతి' అన్న చోట ఆగి కవిప్రియకు చదివి చెప్పాను. "ఏంది ఆంటీ ఇది, మీ బిడ్డను మీరు ఎత్తుకునేదానికి పర్మిషనా?" అని నాకంటే ముందు దానికి కోపం వచ్చింది. అంత కోపం నాకు రాలేదు. కొంచెం వచ్చింది.

పోతున్నది చెవి, మతి కాదు. నీ సినిమా పాట నేను నోటీసు వచ్చాకే విన్నాను. కవిప్రియ హెడ్‌ఫోను పెట్టి శబ్దం బాగా పెంచింది. ఎవరో బొంబాయి పిల్ల పాడింది, వెనక బోలెడు వయొలిన్లు. బాగుంది. నేను పాడినదానికంటే బాగుంది, అందులో సందేహం లేదు.

నీ పాట రెండో వరుసలో పైకి వెళ్లి, వెళ్లి, సరిగ్గా ఆ పైన ఠక్కున ఆగుతుంది. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత ఆగిన చోటు నుంచి కాకుండా, బాగా కిందినుంచి గుసగుసగా మొదలవుతుంది. ఇంటర్వ్యూలో దాని గురించి అడిగితే, నిశ్శబ్దం కూడా స్వరమే, నా పాటకు అదే ప్రాణం అన్నావట. పెద్ద మాటే.

విమల్, అక్కడ మిల్లు సంగు ఊదేవాళ్లు. మిల్లు సైరన్‌ను ఇక్కడ సంగు అంటారు. మన వరుస ఇళ్ల వెనక సందు దాటితే మిల్లు గోడ. మధ్యాహ్నం నీకు అప్పుడప్పుడే కునుకు పట్టేది. సరిగ్గా అప్పుడే రెండో షిఫ్టుకు సంగు ఊదితే ఉలిక్కిపడి లేచేవాడివి. ఇక సాయంత్రం దాకా ఏడుపే. అందుకని రెండో వరుస పైకి తీసుకుపోతూ గడియారం కేసి చూస్తుండేదాన్ని. సంగు మొదలవగానే పాట ఆపి నీ రెండు చెవులూ అరచేతులతో మూసేదాన్ని. అది ఆగాక చేతులు తీసి, నువ్వు కదలకుండా కిందినుంచి మెల్లగా అందుకునేదాన్ని. ఆదివారం మిల్లుకు సెలవు, సంగు ఉండదు. ఆ రోజు ఆపకుండా పాడితే, నేనేదో తప్పు పాడినట్టు కళ్లు తెరిచి చూసేవాడివి. దాంతో ఆదివారం కూడా ఆపడం మొదలుపెట్టాను.

ఆ ఆగడం ఎవరి రక్తంలో ఉంటుందో చెప్పు. మీ తాత గొప్పగా వాయించేవాడు, నేను పెళ్లిళ్లలో విన్నాను. ఆయన వాయించిన దేనిలోనూ మిల్లు సంగు లేదు.

నన్ను పూర్తిగా మరిచిపోయావు, నా పాటను పూర్తిగా గుర్తుపెట్టుకున్నావు. ఇది చదివితే నీకెలా ఉంటుందో నాకు తెలియదు. నాకు మాత్రం బాధగానే ఉంది. హెడ్‌ఫోను తీసేశాక చాలాసేపు ఏడ్చాను. మధ్యలో కాస్త గర్వం కూడా వచ్చింది, అదీ చెప్పేస్తున్నాను.

నీకున్నది అదొక్కటే అన్నావు. నాకూ అంతే. నేను పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేరు. ఆఫీసులో నేను రాసిన ఫైళ్ల మీద సంతకాలన్నీ పైవాళ్లవి. నేను చేసింది అని చెప్పుకోగలిగింది ఈ పాటే. అయినా నీ చేతిలోంచి లాక్కోవాలని లేదు. పేరు నీదే ఉండనీ. వీడియో ఒక్కటి తిరిగి పెట్టించు. నీ అనుమతి కాగితం తయారయ్యేదాకా నా చెవి ఆగదు.

పంకజం


హైదరాబాదు
జూన్ 2, 2024

పంకజం గారికి,

మీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. చదివిన రోజే డ్రాయర్లో పెట్టాను. ఆ తర్వాత ఆ డ్రాయరు తెరవడం మానేశాను. తెరవకపోతే అది నిజం కాదన్నట్టు తిరిగాను. ఆ రోజుల్లో ఏ బాణీ కట్టబోయినా ఇది ఎవరిది, ఎక్కడ విన్నాను, ఎవరి ఇంట్లో అన్న అనుమానమే. ఒక్కటీ పూర్తి కాలేదు. చివరికి ఒక బిస్కెట్ల కంపెనీవాళ్లు విసిగిపోయి వేరే అతన్ని పెట్టుకున్నారు.

పోయిన వారం నెల్లూరు వెళ్లి నాన్నను అడిగాను. పంకజం అంటే ఎవరు అని. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు.

"పంకజమా? ఔ. పక్కిల్లే. మంచి పిల్ల" అన్నారు. "నువ్వు ఆయమ్మని అమ్మా అంటా ఉంటివి. నేను షిఫ్టు దిగొచ్చి ఎత్తుకుంటే ఏడ్చి ఆయమ్మ కాడికే పోతా ఉంటివి. నాకు తాళలేదురా. అముద పోయి ఎన్నాళ్లయిందని? దాని చోటు అప్పుడే ఇంకొకరికి ఇచ్చేస్తివే అనిపించె. అందుకే నిన్ను పిల్చుకోని వచ్చేస్తి."

"మరి తాత, నాదస్వరం, రక్తం?" అన్నాను.

"మా నాయన వాయించేది నిజమే. నన్ను పక్కన కూర్చోబెట్టుకోని పదేండ్లు నేర్పె. నాకు ఒక్క ముక్క రాలే. యాడ పోయినా, ఆయన కొడుకు నువ్వు, నీకు రాదా అంటా నవ్విరి. నీకు వచ్చినాక, అదిగో చూడు, నా వైపునించే పోయిందని చెప్పుకుంటి. ఏం, అంత కూడా చెప్పుకోకూడదా?"

ఆయన మీద కోపం తెచ్చుకోవాలనే వెళ్లాను. కోపం రాలేదు. పాట రానివాడని జీవితమంతా ఎగతాళి పడ్డ మనిషికి నేనొక్కణ్ణే జవాబు. అది తీసేసుకుంటే ఆయనకేం మిగులుతుందో తెలియదు. నాకేం మిగిలిందో కూడా తెలియడం లేదు. నిశ్శబ్దం గురించి నేను ఎన్ని చోట్ల ఎన్ని మాటలు చెప్పానో తలుచుకుంటే సిగ్గేస్తోంది. ఒక కాలేజీలో దాని మీద గంటసేపు ఉపన్యాసం కూడా ఇచ్చాను. పిల్లలు రాసుకున్నారు.

ఇవాళే కంపెనీకి రాశాను. బాణీ మీ దగ్గర విన్నదని, మీ పేరు చేర్చాలని, మీ వీడియో వెంటనే వదిలిపెట్టాలని. మీ చెవి ఎలా ఉంది? మొదట అడగాల్సింది చివర అడుగుతున్నాను.

ఇంకొకటి. నేను అప్పుడు ఎలా ఉండేవాణ్ణో కొంచెం రాస్తారా? నాన్న చెప్పరు. ఆ రోజులు చూసినవాళ్లు నాకు మీరు తప్ప ఎవరూ లేరు.

విమల్


నెల్లితోపు
జూన్ 12, 2024

విమల్ నాన్నా,

నీ ఉత్తరం పోస్ట్‌మ్యాన్ అణ్ణాదురై గడపలో పెట్టి వెళ్లిపోయాడు. అంతకుముందు కేకేసి చేతికిచ్చేవాడు. నేను పలకడం లేదని మానుకున్నట్టున్నాడు. చెవి సంగతి అడిగావు. ఉంది, పని చేస్తోంది, దాని గురించి బెంగపడకు. మొన్న మార్కెట్టు దగ్గర రోడ్డు దాటుతుంటే టౌన్ బస్సు డ్రైవరు నన్ను నానా తిట్లూ తిట్టాడట. చుట్టూ ఉన్నవాళ్లు చెప్పారు. ఏం తిట్టాడో అడిగితే ఎవరూ చెప్పరే! ఒక విధంగా సుఖమే.

నువ్వు ఎలా ఉండేవాడివో అడిగావు. తిండి దగ్గర పేచీకోరువి. చేప అంటే మాత్రం నోరు తెరిచేవాడివి, ముల్లు నేను తీసిపెట్టాలి. చీపురు అంటే ప్రాణం. ఎవరు ఊడుస్తున్నా లాక్కుని ఊడ్చినచోటే ఊడ్చేవాడివి. అమ్మా అని పిలిచేవాడివి, నిజమే. నేను అననివ్వలేదు. అముదకు నేను స్నేహితురాలిని, ఆ పిలుపు నాకు తప్పుగా తోచేది. పెద్దమ్మ అను, పెద్దమ్మ అను అని దిద్దేదాన్ని. నువ్వు తల ఊపి, మళ్లీ అమ్మా అనేవాడివి. మీ నాన్నకు బాధ కలిగిందంటే ఆయన తప్పు కాదు. ఆయన్ను ఏమీ అనకు.

మీరు వెళ్లిన రోజు నేను గుళ్లో ఉన్నాను. వచ్చేసరికి పక్క వాటాకు తాళం. ఆయన చెప్పకుండా వెళ్లినందుకు చాలా ఏళ్లు కోపం ఉండేది, ఇప్పుడు లేదు. కొన్నాళ్లకు నాకు ఉద్యోగం వచ్చింది. మధ్యాహ్నం సంగు ఊదితే చేతులు ఊరికే లేచేవి. ఆ వీధిలో ఉండలేక యానాంకు ట్రాన్స్‌ఫరు అడిగి మరీ వెళ్లాను. అంతదూరం ఎవరూ అడిగి వెళ్లరు, ఆఫీసులో నాకేమైందో అనుకున్నారు.

ఇప్పుడు పాట సంగతి. నువ్వు దిగులు పడుతున్నావు, అందుకే ఇది చెప్పాలి. అది నాది నాది అని నీకు పెద్ద ఉత్తరం రాశానా, తర్వాత పడుకుని వరుసగా ఆలోచించాను. మొదటి వరుస నాది కాదు. సముద్రం ఒడ్డున జాలర్ల పేట కురుచికుప్పం నుంచి రాజాత్తి అని ఒకామె చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చేది. "మీనూ..." అని సందు మొదట్లో అందుకుంటే సందు చివరిదాకా లాగేది. నువ్వు ఏడుపు ఆపి వినేవాడివి. ఆ కేకనే మెల్లగా, నిద్ర వచ్చేలా పాడాను. రెండో వరుస నేను కట్టాను, దాన్ని ఆపింది మిల్లు. ఇక చివరి వరుస. నేను దాన్ని మామూలుగా కిందికి దించి ముగించేదాన్ని. నీకు మూడేళ్లు నిండాయి. ఒకరోజు నేను కూర తరుగుతూ పాడుతూ చివర ఆగిపోతే, చీపురు పట్టుకుని నువ్వు అందుకున్నావు. కిందికి దించలేదు. కొంచెం పక్కకు తిప్పి అలా వదిలేశావు. తప్పు పాడావని దిద్దబోయాను. మళ్లీ అలాగే పాడావు. నాకు నచ్చింది. మర్నాటి నుంచి నేనూ అలాగే పాడాను. వీడియోలో ఉన్నదీ అదే, నీ సినిమాలో ఉన్నదీ అదే.

ఆ మలుపు నీది విమల్. అది నీకు నేను నేర్పలేదు. మీ నాన్నా నేర్పలేదు. మీ తాత దగ్గర్నుంచి వచ్చిందో, ఎక్కడి నుంచి వచ్చిందో నాకేం తెలుసు? మీ నాన్నకు చెప్పు, సంతోషిస్తాడు. పెంచితే వచ్చేదెంత, పుట్టుకతో వచ్చేదెంత అని కొలవడానికి నా దగ్గర కొలత లేదు. రాజాత్తి కేకేసింది, నేను పాడాను, నువ్వు తిప్పావు. ఆవిడ ఇప్పుడు ఉందో లేదో. ఉంటే ఈ పాట నాదేనని నీ మీదా నా మీదా కేకలేసేది.

కాబట్టి ధైర్యంగా పని చేసుకో. నీ దగ్గర ఏమీ లేదని అనుకోకు.

కవిప్రియకు కోయంబత్తూరులో ఉద్యోగం వచ్చింది, ఆదివారం వెళ్లిపోయింది. తన పాత ఫోను నాకు ఇచ్చి, వీడియో వస్తే ఎక్కడ నొక్కాలో నేర్పింది. మేడమీద ఇప్పుడు ఎవరూ లేరు.

పంకజం


హైదరాబాదు
జూలై 6, 2024

పెద్దమ్మకు,

ఇకమీద ఇలాగే పిలుస్తాను. నువ్వే నేర్పావు కదా, ఆలస్యంగా వంటబట్టింది.

నీ ఉత్తరంలో చివరి వరుస సంగతి చదివి బయటికి వెళ్లి చాలాదూరం నడిచాను. దారి పొడుగునా ఆ మలుపే పాడుకున్నాను. నాన్నకు ఫోనులో చదివి వినిపించాను. "చూస్తివా, నేను చెప్పలే?" అని వెంటనే ఫోను పెట్టేశారు. మళ్లీ తనే చేసి, "ఆయమ్మకి నేను అడిగినానని చెప్పు" అన్నారు.

కంపెనీ లాయరు రాజేంద్రన్ అని తమిళాయన, మర్యాదస్తుడే. నేను చెప్పిందంతా విన్నాడు. "పాట ఎవరు చేశారన్నది ఒకటి, పాట ఎవరిదన్నది ఇంకొకటి సార్. మీరు చేసినా, వాళ్లు చేసినా, అది ఇప్పుడు కంపెనీది" అన్నాడు. నీ పేరు చేరిస్తే రేపు ఇంకెవరో వస్తారట. కురుచికుప్పం గురించి చెబితే తల పట్టుకున్నాడు. నువ్వూ నేనూ ఇన్ని నెలలు ఉత్తరాల్లో తగువు పడుతున్నది మన ఇద్దరిదీ కాని పాట కోసం.

చివరికి ఒక మాట మీద ఒప్పుకున్నారు. నేను వాళ్లకు కట్టి ఇస్తున్న తర్వాతి సినిమా పాటకు నా పేరు వేయకపోయినా సరేనని రాసిచ్చాను. బదులుగా నీ వీడియోను వదిలేస్తారు, కింద ఎవరి పేరూ రాయనక్కర్లేదు. నాకు అదేమీ కష్టమనిపించలేదు. పేరు లేకుండా పాట ఎలా ఉంటుందో చూద్దామని కూడా ఉంది. పోయిన వారం నుంచి మళ్లీ బాణీలు వస్తున్నాయి. ఎవరివని అడగడం మానేశాను.

వీడియో ఈ పది రోజుల్లో వస్తుంది. రాగానే విను, ఎలా ఉందో వెంటనే రాయి. నీ ఉత్తరం కోసం చూస్తుంటాను. ఈ పని ముగించుకుని ఆగస్టులో పుదుచ్చేరి వస్తాను.

విమల్


నెల్లితోపు
జూలై 18, 2024

నాన్నా,

విన్నాను.

మొన్న పొద్దున్న కవిప్రియ కోయంబత్తూరు నుంచి మెసేజి పెట్టింది, వీడియో వచ్చేసింది ఆంటీ అని. ఆఫీసుకు పరిగెడుతూ పెట్టిందట, వీడియో పేరు కనిపించగానే. వెంటనే తలుపులు వేసుకుని, కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. ఫోను కుడి చెవికి ఆనించుకున్నాను. నాలుగుసార్లు విన్నాను. స్పష్టంగా ఉంది. మొదట కుక్కరు విజిలు, ఆ తర్వాత నా గొంతు. మొదటి వరుసలో కొంచెం జీర ఉంది, ఆ రోజు జలుబు చేసింది మరి. మధ్యలో ఎక్కడో కాకి అరిచింది. చివర నీ మలుపు బాగా వచ్చింది. ఇంత బాగా పాడానా అనిపించింది.

ఇక నాకు ఏ లోటూ లేదు. నువ్వు నీ పేరు వదులుకున్నావని తెలిసి మొదట కోపం వచ్చింది. తర్వాత అనుకున్నాను, వాడు ఇస్తానంటే తీసుకోవాలి గదా. నువ్వు ఇచ్చింది నాకు అందింది. ఆలస్యం కాలేదు, ఆ బెంగ పెట్టుకోకు. సరిగ్గా సమయానికి అందింది.

మీ నాన్నకు నేను అడిగానని చెప్పు. ఆగస్టులో పని ఉంటే ఆగస్టులోనే రావాలని లేదు. తీరిక చూసుకునే రా. ఇక్కడ ఎండలు తగ్గాయి. సాయంత్రం కాసేపు బీచి దాకా నడిచి వస్తున్నాను, అలలు చూస్తే కాలక్షేపం అవుతుంది. ఇల్లు మరీ ఖాళీగా ఉన్నప్పుడు ఫోనులో వీడియో పెట్టుకుంటాను.

పంకజం


హైదరాబాదు
జూలై 25, 2024

పెద్దమ్మా,

నీ ఉత్తరం ఇవాళ అందింది. చదవడం మొదలుపెట్టినప్పుడు ఎంత సంతోషించానో చెప్పలేను. సగంలో తేదీ చూశాను.

నీకు చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది. వీడియో తిరిగి వచ్చిన రోజు పొద్దున్నే నేనూ చూశాను. బొమ్మ ఉంది, శబ్దం లేదు. తీసేసినదాన్ని వదిలిపెట్టేటప్పుడు పాటను నొక్కేసి ఉత్త బొమ్మనే వదిలారు. నువ్వు గరిటె పట్టుకుని పెదవులు కదుపుతున్నావు. కుక్కరు లేదు, కాకి లేదు, నీ గొంతు లేదు. మొదటిసారి నీ ముఖం చూశాను, నీ పాట లేకుండా చూశాను. నీకు రాస్తే నొచ్చుకుంటావని, రెండు రోజుల్లో సరిచేయించి అప్పుడు చెబుదామని ఆగాను. వారం పైన పట్టింది. నిన్న సాయంత్రానికి గానీ శబ్దం రాలేదు.

నువ్వు నాలుగుసార్లు విన్నానని రాసిన రోజున అందులో వినడానికి ఏమీ లేదు.

జీర నిజమే, కాకి కూడా నిజమే. నిన్న విన్నాను. అవన్నీ నీకు పాత గుర్తు మీద తెలుసు. నాకు బాధ కలగకూడదని కూర్చుని రాశావు. బస్సు డ్రైవరు తిట్ల గురించి రాశావే, అది చదివి నేను నవ్వాను. అప్పటికే ఆ చెవి కూడా పోయింది కదూ?

మార్చిలో నువ్వు అడిగింది చిన్న పని. నేను అప్పుడే కంపెనీకి రాసి ఉంటే నువ్వు వినేదానివి. ఆ రెండు నెలలూ పాట నాదా నీదా అని డ్రాయరు మూసుకుని కూర్చున్నాను. నువ్వు అక్కడ రోజూ కొంచెం కొంచెంగా పోగొట్టుకుంటూ కూర్చున్నావు. క్షమించమని అడగను. అడిగితే క్షణంలో క్షమించేస్తావు, అది నేను తట్టుకోలేను.

ఆగస్టు దాకా ఆగను. శనివారం బస్సెక్కుతున్నాను. ఆదివారం పొద్దున్నకు నెల్లితోపులో ఉంటాను. ఈ ఉత్తరం స్పీడ్‌పోస్టులో వేస్తున్నాను, నాకంటే ముందు అందుతుంది. నాకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, నీకు అంతకంటే ఎక్కువ ఉంటాయి. తెల్లకాగితాలు, పెన్నులు తెస్తున్నాను. పక్కపక్కనే కూర్చుని రాసుకుందాం.

నేను తట్టినా నీకు వినపడదు. తలుపు తీసి ఉంచు.

విమల్